డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్: కదలికల జబ్బులకు మెదడులో విద్యుత్ చికిత్స

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌ను పొట్టిగా డీబీఎస్ అంటారు. మెదడు లోతుల్లో సన్నని తీగలు అమర్చి, ఛాతీ చర్మం కింద పెట్టిన బ్యాటరీ నుంచి వాటికి రాత్రింబవళ్లు చిన్న విద్యుత్ స్పందనలు పంపే శస్త్రచికిత్స ఇది. ముఖ్యంగా పార్కిన్సన్స్, ఎసెన్షియల్ ట్రెమర్, డిస్టోనియా అనే మూడు చలన రుగ్మతలకు వాడతారు. గుండెకు పెట్టే పేస్‌మేకర్‌ను పోలి ఉండటంతో జనం దీన్ని ‘బ్రెయిన్ పేస్‌మేకర్’ అంటున్నారు. జబ్బును ఇది నయం చేయదు, ముదరకుండా ఆపనూ లేదు. మాత్రలు నిలకడగా పనిచేయని దశలో రోగి పోగొట్టుకున్న మంచి గంటల్ని కొన్నింటిని తిరిగి తెచ్చిపెడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ చికిత్సకు ప్రధాన కేంద్రం హైదరాబాద్. నగరం పడమటి కొసన తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా సాగే ఐటీ దారిలో ఈ చికిత్స అవసరమయ్యే కుటుంబాలూ ఉన్నాయి, దాని వెనుక ఉన్న సాంకేతిక విద్య తాలూకు సంస్థలూ ఉన్నాయి.

జబ్బు తీరు

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల లక్షణాలను వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. తర్వాతి కాలంలో ఆ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. ఆయుర్వేదం కంపవాతం అంది, మన ఊళ్లలో వణుకుడు జబ్బు అంటారు. అయితే వణుకు ఇందులో ఒక భాగమే. కదలిక నెమ్మదించడం, కండరాలు బిగుసుకుపోవడం అంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఒడిలో పెట్టుకున్న చేతి బొటనవేలు, చూపుడువేలు గోలీ చుట్టినట్టు ఆడుతుంటాయి. నడకలో ఒక చెయ్యి ఊగదు. సంతకం రానురాను చిన్నదైపోయి బ్యాంకులో సరిపోలదంటారు. ముఖంలో భావం తగ్గేసరికి, నాన్న ఎందుకో ముభావంగా ఉంటున్నాడని పిల్లలు పొరబడతారు.

దీనికి మూలం మధ్య మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని పొర. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికలను నడిపే కేంద్రాలకు అందిస్తాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. లక్షణాలు బయటపడేనాటికే చాలా భాగం పోయి ఉంటాయి. అరవై దాటినవారిలో సుమారు 1 శాతం మందికి ఈ జబ్బు కనిపిస్తుంది. నలభైల్లో మొదలయ్యే వారూ లేకపోలేదు.

మందుల్లో ముఖ్యమైనది లెవోడోపా. శరీరంలోకి వెళ్లాక ఇది డోపమిన్‌గా మారుతుంది. తెలుగువారికి ఈ పదార్థం మరీ కొత్తదేమీ కాదు. ఒంటికి తగిలితే దురదపెట్టే దూలగొండి కాయ గింజల్లో లెవోడోపా దండిగా ఉంటుంది. ఆ గింజల నుంచి దాన్ని వేరుచేసిన సంగతిని 1937లో మద్రాసు పరిశోధకులు దామోదరన్, రామస్వామి ప్రకటించారు. అది పార్కిన్సన్స్‌కు మందని ప్రపంచానికి తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ పెద్ద మోతాదుల్లో ఇచ్చి చూశాక లెవోడోపా యుగం మొదలైంది. ఇవాళ మన మందుల షాపుల్లో సిండోపా లాంటి పేర్లతో దొరికేది ఇదే, కార్బిడోపా అనే సహాయ మందుతో కలిపి.

మొదటి కొన్నేళ్లు మాత్ర అద్భుతంగా పనిచేస్తుంది. తర్వాత దాని ప్రభావం నాలుగు గంటల నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు కుదించుకుపోతుంది. మాత్ర పనిచేసే వేళను ‘ఆన్’ అనీ, దిగిపోయిన వేళను ‘ఆఫ్’ అనీ రోగులూ, ఇంట్లోవాళ్లూ కూడా అనడం అలవాటు చేసుకుంటారు. ఆఫ్‌లో కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ఆన్‌లో మందు ఎక్కువై ఒళ్లంతా మెలికలు తిరుగుతూ ఊగుతుంది, దీన్ని డిస్కినీషియా అంటారు. పప్పు, పెరుగు, మాంసం లాంటి మాంసకృత్తుల తిండి మాత్ర పేగుల నుంచి ఒంటికి పట్టకుండా పోటీపడుతుంది. అందుకే భోజనానికి అరగంట, గంట ముందే మాత్ర వేసుకోమంటారు. ఈ దశకు చేరిన మనిషి గడియారం చూసుకుంటూ బతుకుతాడు. పెళ్లికి వెళ్లాలన్నా, గుడికి వెళ్లాలన్నా ముందు మాత్ర లెక్క చూసుకోవాలి. డీబీఎస్ ప్రస్తావన సాధారణంగా ఇక్కడే వస్తుంది.

చరిత్ర

మెదడులో ఒక చిన్న చోటును దెబ్బతీస్తే వణుకు తగ్గుతుందని వైద్యులు చాలాకాలంగా గమనించారు. 1952లో న్యూయార్క్ సర్జన్ ఇర్వింగ్ కూపర్ ఒక పార్కిన్సన్స్ రోగికి ఆపరేషన్ చేస్తుండగా పొరపాటున ఒక రక్తనాళం తెగింది. దాన్ని ముడివేసి ఆపరేషన్ ఆపేశాడు. తీరా చూస్తే రోగి వణుకు, బిగుతు మాయమయ్యాయి, చేతి బలం మాత్రం నిలిచింది. అంతకు ముందే, 1947లో, ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ మనిషి తలకు లోహపు చట్రం బిగించి, మూడు కొలతల లెక్కతో మెదడులోని లోతైన చోటును చేరే స్టీరియోటాక్టిక్ పద్ధతిని మొదలుపెట్టారు. కపాలాన్ని పూర్తిగా తెరవకుండా, ఒక చిన్న రంధ్రం గుండా మిల్లీమీటర్ల గురితో లోపలికి వెళ్లడం అప్పటినుంచి సాధ్యమైంది.

దక్షిణ భారతంలో ఈ విద్యకు పుట్టిల్లు మద్రాసు. బి. రామమూర్తి, వి. బాలసుబ్రమణ్యం, టి.ఎస్. కనక బృందం అక్కడ స్టీరియోటాక్టిక్ ఆపరేషన్లను పెంచి పోషించింది. ఆసియాలో తొలితరం మహిళా న్యూరోసర్జన్లలో ఒకరైన కనక 1975లోనే మెదడులో దీర్ఘకాలం ఉండే ఎలక్ట్రోడ్ అమర్చారు. అప్పటికి ప్రపంచంలోనూ ఇలాంటి ప్రయత్నాలు అరుదే.

లెవోడోపా రాకతో ఈ ఆపరేషన్లు వెనకబడ్డాయి. మందు హద్దులు తెలిశాక మళ్లీ ముందుకొచ్చాయి. మలుపు 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరంలో వచ్చింది. సర్జన్ అలీమ్ లూయీ బెనాబిద్ వణుకున్న రోగి థాలమస్‌లో ఒక చోటును కాల్చే ముందు, సరైన చోటేనా అని విద్యుత్‌తో పరీక్షిస్తున్నాడు. స్పందనల వేగాన్ని సెకనుకు వంద దాకా పెంచగానే వణుకు ఆగింది. కరెంటు ఆపితే మళ్లీ వచ్చింది. కాల్చాల్సిన పని లేకుండానే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపుకోగల వైద్యం దొరికింది. న్యూరాలజిస్టు పియరీ పొలాక్‌తో కలిసి బెనాబిద్ దీన్ని శాశ్వత పరికరంగా మలిచాడు.

అదే దశాబ్దంలో మరో కథ నడిచింది. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు ఒక్కసారిగా ముదిరిన పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. ఆ కల్తీలోని ఎంపీటీపీ అనే రసాయనంతో కోతుల్లో జబ్బును పునఃసృష్టించగలిగారు. మహ్లోన్ డిలాంగ్ బృందం 1990లో అలాంటి కోతుల్లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే కేంద్రాన్ని నిర్వీర్యం చేస్తే కదలికలు తిరిగొస్తాయని చూపింది. 1993లో బెనాబిద్ బృందం మనుషుల్లో అక్కడే తీగ పెట్టింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్స్‌కు, 2003లో డిస్టోనియాకు ఈ పరికరాన్ని అనుమతించింది. బెనాబిద్, డిలాంగ్ 2014లో లాస్కర్ పురస్కారాన్ని పంచుకున్నారు. భారతదేశంలో 1990ల చివర ముంబయి జస్లోక్ ఆసుపత్రిలో పరేశ్ దోషి ఈ కార్యక్రమాన్ని ప్రారంభించారు.

పని తీరు

మెదడు అడుగున బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులున్నాయి. వీటి పాత్రను చెరువు తూముతో పోల్చవచ్చు. గ్లోబస్ పాలిడస్ అనే భాగం మామూలు వేళ తూము తలుపు వేసి ఉంచుతుంది. చెయ్యి ఎత్తాలనుకోగానే ఆ కదలికకు సరిపడా తలుపు లేస్తుంది, ఆజ్ఞ థాలమస్ గుండా పైకి పారుతుంది. తలుపు తేలిగ్గా లేవడానికి కావలసిన చమురు డోపమిన్. అది ఎండిపోయినప్పుడు సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అదుపుతప్పి రెచ్చిపోతుంది, తలుపును మరింత బిగబడుతుంది. మనిషి కదలాలనుకుంటాడు, ఒళ్లు కదలదు.

మరో సంగతి కూడా తేలింది. జబ్బు మెదడులో ఈ కణాలన్నీ సెకనుకు 13 నుంచి 30 సార్లు, భజనలో తాళాల్లా, ఒకే లయలో మోగుతాయి. దీన్ని బీటా లయ అంటారు. అందరూ ఒకే తాళం వేస్తుంటే ఎవరి మాటా విడిగా వినిపించదు. కదలికకు కావలసిన సూక్ష్మమైన సంకేతాలు ఆ హోరులో మునిగిపోతాయి. సెకనుకు సుమారు 130 స్పందనలు, ఒక్కొక్కటి 60 మైక్రోసెకన్లు ఉండే విద్యుత్ ధార ఈ మొండి లయను చెదరగొడుతుంది. డీబీఎస్ పనిచేయడానికి ఇది ఒక్కటే కారణం కాదు. దగ్గరి కణాలను అణచడం, నరాల తీగలను ప్రేరేపించడం, దూరంలోని కేంద్రాల నడవడిని మార్చడం, అన్నీ కలిసి పనిచేస్తాయి.

పార్కిన్సన్స్‌లో ఎక్కువగా గురిపెట్టేది సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కే. అది శనగగింజకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మెదడు నడిమి గీత నుంచి సుమారు 12 మిల్లీమీటర్లు పక్కకు, కుడి ఎడమల్లో ఒక్కొక్కటి. అందులోకి వెళ్లే తీగ మందం 1.27 మిల్లీమీటర్లు. దాని కొసన విద్యుత్ వెలువడే నాలుగు లోహపు పట్టీలుంటాయి, ఒక్కో పట్టీ పొడవు మిల్లీమీటరున్నర. కొత్త తీగల్లో పట్టీలను ముక్కలుగా విభజించి, విద్యుత్‌ను కావలసిన దిక్కుకే మళ్లించే వీలు కల్పించారు.

ఎవరికి తగును

ఈ చికిత్సలో సగం విజయం రోగిని ఎంచుకోవడంలోనే ఉంది. అందుకు ఆధారం లెవోడోపా పరీక్ష. రాత్రి మాత్రలు ఆపించి, తెల్లవారి ఆఫ్‌లో ఉన్న రోగిని పరీక్షిస్తారు. వేళ్లు తట్టించి, మణికట్టు వంచి, కుర్చీలోంచి లేపి, నడిపించి, ఒక్కో అంశానికి మార్కులు వేస్తారు. తర్వాత రోజూ వేసుకునేదానికన్నా కాస్త పెద్ద మోతాదు ఇచ్చి, ఆన్ వచ్చాక మళ్లీ పరీక్షిస్తారు. మార్కుల్లో కనీసం 30 శాతం తేడా కనిపిస్తే ఆపరేషన్‌కు తగిన వ్యక్తి అని లెక్క. సూటిగా చెప్పాలంటే, మాత్రకు లొంగని లక్షణం తీగకూ లొంగదు. దీనికి పెద్ద మినహాయింపు వణుకు. మాత్రలకు మొండికేసిన వణుకు కూడా డీబీఎస్‌కు తగ్గవచ్చు.

జబ్బు మొదలై కనీసం నాలుగైదేళ్లు గడవాలంటారు. ఆలోగా, పార్కిన్సన్స్‌లా మొదలై తర్వాత వేరే దారి పట్టే మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ లాంటి జబ్బులు బయటపడిపోతాయి. వాటిలో డీబీఎస్ ఉపయోగపడదు. మతిమరుపు ముదిరినవారికి, తీవ్ర కుంగుబాటు ఉన్నవారికి ఆపరేషన్ మంచికన్నా చెడే చేయవచ్చు. అందుకే జ్ఞాపకశక్తి పరీక్షలు తప్పనిసరి. ఇవి రోగి మాతృభాషలో జరగాలి. ఇంగ్లిషు ప్రశ్నావళిలో తప్పిన రైతు తెలుగులో అడిగితే నెగ్గవచ్చు. బడికి వెళ్లని అమ్మకు లెక్కల ప్రశ్న వేసి మతిమరుపు అని తేల్చకూడదు.

ఆపరేషన్ రోజు

తెల్లవారుజామునే తలకు లోహపు చట్రం బిగిస్తారు. మరలు దిగే నాలుగు చోట్ల మత్తుసూది ఇస్తారు. చట్రంతో స్కాన్ తీసి, ముందు తీసిన ఎంఆర్‌ఐ చిత్రంతో కంప్యూటర్లో కలుపుతారు. రక్తనాళాలను తప్పిస్తూ గురికి చేరే దారిని సర్జన్ అక్కడే గీసుకుంటాడు. తర్వాత కపాలంలో సుమారు 14 మిల్లీమీటర్ల రంధ్రం. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి చాలాచోట్ల ఈ భాగమంతా రోగి మెలకువగా ఉండగానే జరుగుతుంది.

గదిలో అందరూ ఎదురుచూసేది తర్వాతి ఘట్టం కోసం. వెంట్రుక లాంటి మైక్రోఎలక్ట్రోడ్‌ను మిల్లీమీటర్‌లో కొంత చొప్పున లోపలికి దించుతుంటే, అక్కడి కణాల సంకేతాలు స్పీకర్లో శబ్దంగా వినిపిస్తాయి. మొదట దాదాపు నిశ్శబ్దం, అక్కడక్కడ ఒక టిక్కు. ఉన్నట్టుండి రేకుల కప్పు మీద వాన పడ్డట్టు హోరు మొదలవుతుంది. సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లోకి వచ్చామని బృందానికి తెలుస్తుంది. రోగి మణికట్టును వంచితే ఆ హోరు లయ మారుతుంది. కొన్ని మిల్లీమీటర్ల తర్వాత శబ్దం సన్నగిల్లి, కిందనున్న సబ్‌స్టాన్షియా నైగ్రా తాలూకు నిలకడైన చప్పుడు అందుకుంటుంది.

అప్పుడు పరీక్షగా కరెంటు పెడతారు. న్యూరాలజిస్టు రోగి చెయ్యి పట్టుకుని ఉంటాడు. బిగుతు సడలడం ముందు ఆ చేతికే తెలుస్తుంది. “వారాల పేర్లు వెనక నుంచి చెప్పండి” అంటారు, మాట తడబడుతుందేమో చూడటానికి. “పళ్లు చూపించండి, నా వేలు వైపు చూడండి” అంటారు, మూతి లాగుతుందా, కళ్లు పక్కకు పోతాయా అని. అన్నీ సరిపోతే మైక్రోఎలక్ట్రోడ్ తీసి, శాశ్వత తీగ పెట్టి, రెండో వైపు మొదలుపెడతారు. చివర పూర్తి మత్తు ఇచ్చి, చెవి వెనక నుంచి మెడ చర్మం కిందుగా తీగ నడిపించి, కాలర్ ఎముక కింద బ్యాటరీ అమరుస్తారు. చిత్రాల నాణ్యత పెరగడంతో కొన్ని కేంద్రాలు మొత్తం ఆపరేషన్‌ను మత్తులోనే చేస్తున్నాయి.

ట్యూనింగ్

ఆపరేషన్ అయిన మర్నాడే రోగి హాయిగా నడిస్తే అది పరికరం మహిమ కాదు. తీగ దిగినప్పుడు చుట్టూ వచ్చిన వాపు వల్ల కలిగే తాత్కాలిక ఉపశమనం అది, కొన్ని వారాల్లో పోతుంది. అసలు పని ఆ తర్వాత క్లినిక్‌లో మొదలవుతుంది. మాత్రలు మానేసి వచ్చిన రోగి ఛాతీ మీద ప్రోగ్రామర్ ఉంచి, ఒక్కో పట్టీని ఒక్కో మెట్టు చొప్పున పరీక్షిస్తారు. ఎంత కరెంటుకు బిగుతు సడలింది, ఎంతకు ఇబ్బంది మొదలైంది అని రాసుకుంటారు. తీగ కాస్త వెలుపలికి ఉంటే మూతి లాగి మాట ముద్దగా వస్తుంది. వెనక్కి ఉంటే చేతిలో తిమ్మిరి. లోపలికి ఉంటే కళ్లు పక్కకు తిరుగుతాయి. బిగుతు సడలే కరెంటుకూ, ఇబ్బంది మొదలయ్యే కరెంటుకూ నడుమ ఎంత వెడల్పు దొరికితే అంత మంచిది.

ఆ చిన్న చోటులో మిల్లీమీటర్ల తేడా మనిషి మనసునే మార్చగలదు. 1999లో పారిస్ వైద్యులు ఒక 65 ఏళ్ల పార్కిన్సన్స్ రోగి అనుభవాన్ని ప్రచురించారు. తీగలోని కింది పట్టీకి కరెంటు ఇవ్వగానే ఆమె కుమిలిపోయి, బతకాలని లేదంటూ ఏడ్చింది. ఆపిన నిమిషంన్నర లోపే మామూలు మనిషైంది. అదే తీగలోని వేరే పట్టీ ఆమె జబ్బు లక్షణాలను చక్కగా తగ్గించింది.

సరైన అమరిక కుదరడానికి చాలాసార్లు రావాల్సి ఉంటుంది, నెలలు పడుతుంది. ఈలోగా మాత్రల మోతాదు మెల్లగా తగ్గిస్తారు. ఆపరేషన్‌కు డబ్బు సమకూర్చుకున్న కుటుంబాలు ఈ తిరుగుడుకు సమయం సమకూర్చుకోవడం మరచిపోతుంటాయి.

ఫలితాలు, హద్దులు

2009లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 255 మంది రోగులను రెండు గుంపులుగా చూశారు. ఆరు నెలల తర్వాత డీబీఎస్ గుంపుకు, ఇబ్బందిపెట్టే మెలికలు లేని ఆన్ సమయం రోజుకు సగటున 4.6 గంటలు పెరిగింది. మందులే వాడిన గుంపుకు పెరిగింది సున్నా. 2013లో 251 మందితో వచ్చిన ఎర్లీస్టిమ్ అధ్యయనం, అరవై ఏళ్లలోపు ఉండి హెచ్చుతగ్గులు ఈమధ్యే మొదలైనవారికి కూడా డీబీఎస్ జీవన నాణ్యతను పెంచుతుందని చూపింది. మరీ కుర్చీకి అతుక్కుపోయేదాకా ఆగనక్కర్లేదని దాని సారాంశం.

గ్రెనోబుల్‌లో 49 మందిని ఐదేళ్లు గమనించి 2003లో ప్రచురించిన ఫలితాల్లో వెలుగూ నీడా రెండూ ఉన్నాయి. మందు లేని వేళ కదలికల మార్కులు ఐదో ఏట కూడా 54 శాతం మెరుగ్గా ఉన్నాయి. కానీ మాట, తూలడం, మందు వేళల్లోనూ కాళ్లు అతుక్కుపోవడం లాంటివి ఏటేటా దిగజారాయి. డోపమిన్‌తో సంబంధం లేని భాగాలకు జబ్బు పాకుతున్న గుర్తులవి. డీబీఎస్ జబ్బు గడియారాన్ని వెనక్కి తిప్పుతుంది, ఆపదు.

ముప్పులు

తీవ్రమైనది మెదడులో రక్తస్రావం. నూటికి ఒకరిద్దరిలో కనిపిస్తుంది, అందరిలోనూ శాశ్వత నష్టం మిగలదు. బ్యాటరీ చోట చీము పట్టడం, తీగ విరగడం లేదా జరగడం తర్వాతి కోవలోవి. చీము పడితే మందులు వాడి, అప్పటికీ లొంగకపోతే పరికరం తీసేయాల్సి వస్తుంది. మాట మసకబారడం, బరువు పెరగడం, పదాలు వెంటనే తట్టకపోవడం, కొందరిలో తొందరపాటు, అతి హుషారు కనిపిస్తాయి. ఈతకు సంబంధించిన వింత కూడా ఉంది. చక్కగా ఈదగలిగిన కొందరు డీబీఎస్ ఆన్‌లో ఉండగా నీళ్లలో చేతులూ కాళ్లూ కూడదీసుకోలేకపోయారని 2019లో స్విస్ వైద్యులు తొమ్మిది మంది అనుభవాలతో హెచ్చరించారు. చెరువులోకో, అపార్ట్‌మెంట్ ఈతకొలనులోకో ఒంటరిగా దిగకూడదు.

మిగిలిన చలన రుగ్మతలు

ఎసెన్షియల్ ట్రెమర్‌లో చెయ్యి ఒడిలో ఉన్నంతసేపూ నిశ్చలంగా ఉంటుంది, పనిలో పెడితే వణుకుతుంది. టీ గ్లాసు సగం ఒలికిపోతుంది, చారన్నం ముద్ద నోటిదాకా చేరదు, ముగ్గు గీత వంకరపోతుంది. తరచుగా కుటుంబాల్లో నడుస్తుంది. మందులు చాలకపోతే థాలమస్‌లోని విమ్ అనే చోట తీగ పెడతారు. ఆన్ చేసి, కాగితంపై చుట్టలు గీయమంటే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. 2016 నుంచి దీనికి కోత లేకుండా అతిధ్వని తరంగాలను ఒకే బిందువుకు కేంద్రీకరించి కాల్చే మరో పద్ధతీ వచ్చింది. అందులో పరికరం ఉండదు. చేసినదాన్ని వెనక్కి తీసుకోవడమూ ఉండదు.

డిస్టోనియాలో మెడ, నడుము, కాళ్లు వాటంతటవే మెలితిరుగుతాయి. చిన్నతనంలోనే మొదలయ్యే జన్యు రకాల్లో గ్లోబస్ పాలిడస్‌లో పెట్టిన తీగ మంచి ఫలితమిస్తుంది, కానీ ఓపిక కావాలి. వణుకు నిమిషాల్లో తగ్గితే, డిస్టోనియా మెలికలు వదలడానికి వారాలు, నెలలు పడుతుంది.

హైదరాబాద్‌లో

ఈ నగరంలో డీబీఎస్ కథ పంజాగుట్టలోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌తో, అంటే నిమ్స్‌తో ముడిపడి ఉంది. ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఈ సంస్థ 1989లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. దాని న్యూరాలజీ విభాగంలో రూపం బోర్గోహైన్ చలన రుగ్మతల కార్యక్రమాన్ని నడిపారు. న్యూరోసర్జన్ మానస్ పాణిగ్రాహి నిమ్స్‌లో పనిచేసి తర్వాత కిమ్స్ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు కొనసాగించారు. ఆపరేషన్ గదిలో మైక్రోఎలక్ట్రోడ్ శబ్దాల విలువ మీద, డీబీఎస్ చేయించుకున్నవారికీ మందులే వాడేవారికీ నిద్ర, మలబద్ధకం లాంటి ఇబ్బందుల్లో తేడాల మీద నిమ్స్ బృందం పరిశోధన పత్రాలు వెలువరించింది. సఫినమైడ్ అనే పార్కిన్సన్స్ మందు గురించి 669 మంది రోగులతో భారత్, రొమేనియా, ఇటలీల్లో జరిగిన పరిశీలన పత్రం 2014లో వెలువడింది. దానికి మొదటి రచయిత బోర్గోహైన్. తర్వాత ఆయన బంజారాహిల్స్‌లోని సిటీ న్యూరో సెంటర్ నుంచి పని సాగించారు. ఇప్పుడు నగరంలోని పలు కార్పొరేట్ ఆసుపత్రులు డీబీఎస్ చేస్తున్నాయి. పరికరం దిగుమతి సరుకు కావడంతో ఖర్చులో పెద్దవాటా దానిదే, లెక్క లక్షల్లో ఉంటుంది.

తెల్లాపూర్ దారిలో

తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని ఊరు. 2018లో కొల్లూరు, ఉస్మాన్‌నగర్, ఈదులనాగులపల్లి, వెలిమెల గ్రామాలతో కలిసి మున్సిపాలిటీ అయింది. ఐటీ ఉద్యోగుల విల్లాలు, ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేచాక జిల్లాల నుంచి అమ్మానాన్నలు ఇక్కడికి తరలివచ్చారు. ఊళ్లో నాన్న నడక మందగిస్తే వయసని సరిపెట్టుకున్నవాళ్లు, ఇక్కడ లిఫ్టు తలుపు ముందు కాళ్లు అతుక్కుపోవడం చూసి డాక్టరు దగ్గరికి బయల్దేరుతారు. ఇరుకైన తలుపుల దగ్గర అడుగు ఆగిపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. నేల మీద అడ్డగీతలు గీస్తే, ఆ గీత దాటాలన్న ఆలోచనతో అడుగు పడుతుంది. చాలామంది ఇళ్లలో రంగు టేపు అంటించి ఈ ఉపాయాన్ని వాడుకుంటారు.

ఈ ఊరి నుంచి గచ్చిబౌలి వైపు వెళ్తే ఐఐఐటీ హైదరాబాద్ వస్తుంది. అక్కడ జయంతి శివస్వామి బృందం తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి 2019లో వంద మంది ఆరోగ్యవంతులైన యువ భారతీయుల ఎంఆర్‌ఐ చిత్రాల నుంచి భారతీయ మెదడు పటాన్ని తయారుచేసింది. ప్రపంచమంతా అప్పటిదాకా వాడుతున్నది కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టిన పటం. భారతీయ మెదడు సగటున ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో పాశ్చాత్య మెదడు కన్నా చిన్నదని ఈ పని చూపింది. తెలివితో దీనికి సంబంధం లేదు, కొలతల సంగతే. శనగగింజంత గురిని వెతికే విద్యలో కొలతకు విలువెంతో చెప్పనక్కర్లేదు. అందుకే డీబీఎస్ బృందాలు పుస్తకంలోని పటాన్ని గుడ్డిగా నమ్మవు. రోగి సొంత ఎంఆర్‌ఐని, స్పీకర్లో వినిపించే వాన హోరును సాక్ష్యంగా తీసుకుంటాయి.

ఇంకాస్త ముందుకు నానక్‌రామ్‌గూడలో, డీబీఎస్ పరికరాన్ని మొదట మార్కెట్లోకి తెచ్చిన మెడ్‌ట్రానిక్ సంస్థకు ఇంజనీరింగ్ కేంద్రముంది. 2020లో రూ. 1,200 కోట్లు, 2023లో మరో రూ. 3,000 కోట్ల పెట్టుబడులు ప్రకటించారు. అమెరికా బయట కంపెనీకి ఇదే అతిపెద్ద పరిశోధన కేంద్రం. తెల్లాపూర్‌కు మరో పక్క, పటాన్‌చెరు దగ్గరి సుల్తాన్‌పూర్‌లో 2017లో మొదలైన వైద్య పరికరాల పార్కులో స్టెంట్ల లాంటివి తయారవుతున్నాయి. మెదడు పేస్‌మేకర్ ఇక్కడే తయారైన రోజున దాని ధర ఎక్కువ కుటుంబాలకు అందవచ్చు.

పరికరంతో బతుకు

రీచార్జి చేయనక్కర్లేని బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, తర్వాత చిన్న ఆపరేషన్‌తో మార్చాలి. రీచార్జి రకం పదిహేనేళ్లకు పైగా ఉంటుంది, కానీ ఇంట్లో క్రమం తప్పకుండా ఛార్జి పెట్టుకోవాలి. ఒంటరిగా ఉండే వృద్ధ దంపతులకు ఏది నయమో ధరను బట్టి మాత్రమే తేల్చకూడదు. బ్యాటరీ అయిపోతున్నట్టు తెలిసీ వాయిదా వేస్తే లక్షణాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు.

అన్నిటికన్నా పెద్ద నిషేధం ఒంట్లో వేడి పుట్టించే డయాథర్మీ చికిత్స. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్లినప్పుడు ‘కరెంటు పెట్టే’ ముందు, తలలో తీగ ఉందని చెప్పి తీరాలి. ఆ వేడి తీగ గుండా మెదడుకు చేరి కణాలను కాల్చేయగలదు. ఎంఆర్‌ఐ కొన్ని షరతులతోనే సాధ్యం. విమానాశ్రయంలో, మాల్‌లో, తిరుమల తనిఖీ దగ్గర పరికరం కార్డు చూపి, చేతి తనిఖీ అడగవచ్చు. ఇండక్షన్ పొయ్యి మీద వంగి బ్యాటరీని దగ్గరగా పెట్టకూడదు. కారు సీటుబెల్టు ఒరుసుకుంటే మెత్తని గుడ్డ మడత చాలు.

ముందున్నది

ఇన్నాళ్లూ పరికరం వినకుండా మాట్లాడేది, మెదడు ఏ స్థితిలో ఉన్నా ఒకే మోతాదు పంపేది. 2020 నుంచి వచ్చిన పరికరాలు తీగ గుండా బీటా లయను కూడా వింటాయి. ఆ లయ పెరిగినప్పుడు కరెంటు పెంచి, తగ్గినప్పుడు తగ్గించే అడాప్టివ్ డీబీఎస్‌ను 2025 మొదట్లో ఐరోపా, అమెరికా అనుమతించాయి. కొన్ని కంపెనీల పరికరాలకు ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే అమరిక మార్చే సౌకర్యం వచ్చింది. నెలకోసారి నగరానికి రాలేని జిల్లాల రోగులకు ఇది అక్కరకొచ్చే మార్పు.

ఇన్ని కొలతలున్నా, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా డాక్టర్లు అడిగేది ఒక కాగితమే. రోజును అరగంట చొప్పున గళ్లు చేసి, ఏ గడిలో ఆన్, ఏ గడిలో ఆఫ్, ఏ గడిలో మెలికలు అని ఇంట్లోవాళ్లు నింపే డైరీ అది. ఆపరేషన్‌కు ముందు నింపిన పేజీనీ, ఏడాది తర్వాత నింపిన పేజీనీ పక్కపక్కన పెట్టి, ఆన్ గళ్లు ఎన్ని పెరిగాయో లెక్కపెడతారు. ఎనిమిది గళ్లు పెరిగాయంటే రోజుకు నాలుగు గంటలు.